రాక్నీ మాష్టారి మొదటి సీజన్

పోయినేడాది ఇంటర్ బ్రాంచ్ వాలీబాల్ సెమీస్‌లో మేం మొదటి సెట్ ఓడిపోయాం. కెప్టెన్‌ని నేనే. బ్రేక్‌లో జూనియర్లంతా తలలు వేలాడేసుకుని కూర్చున్నారు. ఏం చెప్పాలో తోచక నోటికొచ్చింది చెప్పేశా. మనకి ఆట నేర్పి పాసై వెళ్ళిపోయిన సీనియర్ అన్నకి బైక్ యాక్సిడెంట్ అయిందని, హాస్పిటల్ మంచం మీంచి ఫోన్ చేసి మనం గెలిస్తే చాలన్నాడని. పిల్లలు ఒక్కసారిగా లేచారు. మిగతా రెండు సెట్లూ గెలిచాం. ఆ రాత్రి ఇద్దరు జూనియర్లు కంగారుగా ఆ అన్నకి ఫోన్ చేస్తే, ఆయన బెంగుళూరులో నైట్ షిఫ్ట్ మధ్యలో క్యాంటీన్‌లో దోసె తింటున్నాడు.

మర్నాడు వాళ్ళలో ఒకడు నా రూమ్‌కి వచ్చాడు. కోపంగా కూడా కాదు, మామూలుగానే అడిగాడు, అన్నా, ఇకమీద నువ్వేదైనా చెప్తే నమ్మాలా వద్దా అని. నా దగ్గర జవాబు లేదు.

ఈ సంగతి హాస్టలంతా పాకింది. మన క్లబ్బులో ఒకడు ఒక పాత అమెరికన్ సినిమా ముక్క పంపి, ఇదిగో మీ గురువు, చూసి నేర్చుకో అని ఎగతాళి చేశాడు. 1940లో వచ్చిన బ్లాక్ అండ్ వైట్ సినిమా. అందులో ఒక కోచ్ డ్రెస్సింగ్ రూమ్‌లో, చనిపోయిన ఆటగాడి చివరి కోరిక చెప్పి టీమ్‌ని ఏడిపించి గెలిపిస్తాడు. చనిపోయిన ఆ ఆటగాడి వేషం వేసినవాడు రొనాల్డ్ రీగన్. తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయిన ఆ రీగనే. కోచ్ మాత్రం నిజంగా బతికిన మనిషి. పేరు నూట్ రాక్నీ. నాలాంటి పనే చేసిన ఇంత పెద్దమనిషి ఎవరా అని వెతకడం మొదలుపెట్టా. సమర్థన దొరుకుతుందేమోనన్న ఆశ కూడా ఉంది, ఒప్పుకుంటున్నా. దొరికింది మాత్రం వేరే.

ముందు ఒక మాట. ఫుట్‌బాల్ అనగానే మనకి హైదరాబాద్ రహీం సాబ్ గుర్తొస్తారు. ఇది ఆ ఆట కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, చేత్తో పట్టుకుని పరిగెత్తాలి. మైదానం 100 గజాలు. బంతి చేతిలో ఉన్న టీమ్‌కి నాలుగు ప్రయత్నాలు, ఆ నాలుగింట్లో 10 గజాలు ముందుకెళ్తే మళ్ళీ నాలుగు. కూతకి వెళ్ళినవాణ్ణి కబడ్డీలో ఎలా పడేస్తామో, బంతి ఉన్నవాణ్ణి అలా పడేస్తారు. అవతలి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. అక్కడ ఈ ఆట కాలేజీల్లో పుట్టింది. రాక్నీ కాలానికి జనం ఎగబడేది కాలేజీ టీమ్‌ల కోసమే.

రాక్నీ పుట్టింది అమెరికాలో కాదు. 1888 మార్చి 4న, నార్వేలోని వోస్ అనే ఊళ్ళో. తండ్రి లార్స్ గుర్రపు బళ్ళు తయారుచేసేవాడు. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకి తన బండిని తీసుకెళ్ళాడు. ఆ ఊరు నచ్చి కుటుంబాన్నీ అక్కడికే రప్పించుకున్నాడు. అప్పటికి నూట్‌కి ఐదేళ్ళు. ఇంగ్లీషు రాదు. చికాగో వీధుల్లో వలస వచ్చినవాళ్ళ పిల్లలతో కలిసి ఆడుతూనే భాషా, ఆటా రెండూ నేర్చుకున్నాడు.

హైస్కూలు తర్వాత నేరుగా కాలేజీకి పోలేదు. డబ్బుల్లేవు. చికాగో పోస్టాఫీసులో ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళు ఉత్తరాల మూటలు పంపే పని చేశాడు. జీతంలోంచి కాలేజీ కోసం కొంత కొంత దాచుకున్నాడు. 1910లో ఇండియానా రాష్ట్రంలో సౌత్ బెండ్ ఊరి దగ్గరున్న నోటర్ డేమ్‌లో ఫస్టియర్‌లో చేరేటప్పటికి అతని వయసు 22. ఎంసెట్‌కి రెండేళ్ళు లాంగ్ టర్మ్ తీసుకున్న మా బ్యాచ్‌మేట్‌ని మేం తాతయ్యా అని పిలుస్తాం. రాక్నీని ఏమని పిలిచేవాళ్ళో! అప్పటికే జుట్టు పలచబడింది, ముక్కు బేస్‌బాల్ బ్యాట్ దెబ్బకి చదునైంది. పైగా అది క్యాథలిక్ కాలేజీ, ఇతను లూథరన్. అంటే అక్కడ అన్ని రకాలుగానూ బయటివాడే.

ఆ బయటివాడు కెమిస్ట్రీ ల్యాబ్‌లో దిగిపోయాడు. కాలేజీ ఆర్కెస్ట్రాలో ఫ్లూట్ వాయించాడు, నాటకాలు వేశాడు, పోల్‌వాల్ట్ చేశాడు. మొదట్లో ఫుట్‌బాల్ టీమ్‌లో నిలదొక్కుకోలేకపోయినా 1913కల్లా కెప్టెన్ అయ్యాడు.

1913 వేసవి సంగతి చెప్పుకోవాలి. ఫుట్‌బాల్‌లో బంతిని గాల్లో ముందుకి విసరడం, అంటే ఫార్వర్డ్ పాస్, అంతకుముందు తప్పు. ఆట మరీ మొరటుగా తయారై, 1905లో కుర్రాళ్ళు ప్రాణాలు పోగొట్టుకుంటే, ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ కల్పించుకోవాల్సి వచ్చింది. 1906లో రూల్స్ మార్చి పాస్‌ని అనుమతించారు. కానీ చాలా టీమ్‌లు దాన్ని పెద్దగా వాడలేదు. రాక్నీ, టీమ్‌లో బంతి విసిరే గస్ డొరాయిస్, ఇద్దరూ ఆ వేసవిలో ఒహాయోలోని సీడర్ పాయింట్ అనే బీచ్ రిసార్టులో పనికి కుదిరారు. పని లేని టైంలో ఇసకలో ఒకటే ప్రాక్టీసు. ఇతను పరిగెత్తాలి, అతను విసరాలి. పరిగెడుతూనే, ఆగకుండా, ఒంటికి ఆనించుకోకుండా వేళ్ళతోనే బంతి అందుకోవడం అలవాటు చేసుకున్నాడు.

నవంబర్ 1న వాళ్ళు వెస్ట్ పాయింట్ వెళ్ళి ఆర్మీ టీమ్‌తో ఆడారు. ఆర్మీ అంటే అప్పట్లో కొండ. నోటర్ డేమ్ పేరు తూర్పు తీరంలో చాలామందికి తెలీదు. ఆట మొదట్లో రాక్నీ కాలు కుంటుతున్నట్టు నటించాడని, అతణ్ణి కాపలా కాసేవాడు అశ్రద్ధ చేశాక ఒక్కసారిగా దూసుకెళ్ళి బంతి పట్టాడని చెప్తారు. చివరికి 35-13తో నోటర్ డేమ్ గెలిచింది. ఫార్వర్డ్ పాస్‌ని రాక్నీయే కనిపెట్టాడని చాలామంది అనుకుంటారు గానీ అది నిజం కాదు. సెయింట్ లూయిస్ యూనివర్సిటీ వాళ్ళు 1906లోనే వాడారు. ఇసకలో చేసిన ప్రాక్టీసు వల్ల దాన్ని గురి తప్పకుండా వాడగలగడం, అదొక్కటే వీళ్ళ గొప్ప. ఆ సీడర్ పాయింట్‌లోనే పరిచయమైన బానీ స్కైల్స్ అనే అమ్మాయిని రాక్నీ మరుసటి ఏడాది పెళ్ళి చేసుకున్నాడు.

1914లో ఫార్మసీ డిగ్రీ మంచి మార్కులతో చేతికొచ్చింది. అదే కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరాడు. అతను పనిచేసింది ఫాదర్ జూలియస్ న్యూలాండ్ దగ్గర. ఎసిటిలీన్ మీద ఈ న్యూలాండ్ చేసిన పరిశోధన నుంచే తర్వాత డూపాంట్ కంపెనీలో నియోప్రీన్ రబ్బరు వచ్చింది. పాలిమర్స్ యూనిట్ చదివినవాళ్ళు గుర్తుపట్టే ఉంటారు. పగలు ల్యాబ్, సాయంత్రం మైదానం. హెడ్ కోచ్ జెస్సీ హార్పర్‌కి రాక్నీ సహాయకుడు. నాలుగేళ్ళు ఇలాగే నడిచింది. 1918లో హార్పర్, ఇక చాలని, పశువుల రాంచ్ చూసుకోవడానికి కాన్సస్ వెళ్ళిపోయాడు. వెళ్తూ తన కుర్చీకి రాక్నీ పేరు సిఫారసు చేశాడు. ఈ హార్పర్‌ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

అలా 30 ఏళ్ళ కెమిస్ట్రీ మాష్టారు హెడ్ కోచ్ అయ్యాడు. అయిన టైము చూడండి. యూరప్‌లో మొదటి ప్రపంచయుద్ధం. ఆడాల్సిన కుర్రాళ్ళు కొందరు సైన్యంలో ఉన్నారు, కాలేజీలో మిగిలినవాళ్ళు కూడా మిలిటరీ ట్రైనింగులో ఉన్నారు. మనుషులు చాలక ఫస్టియర్ వాళ్ళని కూడా ఆడించుకోవచ్చని రూల్ సడలించారు. ఇది చాలదన్నట్టు స్పానిష్ ఫ్లూ వచ్చిపడింది.

సెప్టెంబర్ 28న మొదటి మ్యాచ్ కేస్ టెక్ మీద. 26-6తో గెలిచారు. కొత్త కోచ్‌కి మంచి బోణీ. ఆ తర్వాత అక్టోబర్ నెలంతా ఖాళీ. జ్వరాల వల్ల ప్రయాణాలు బంద్, గుంపులు బంద్, మ్యాచ్‌లు ఒకదాని తర్వాత ఒకటి రద్దు. స్కూల్లో ఉండగా మనమూ ఇలాంటి కాలం చూశాం కాబట్టి ఆ ఖాళీ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

నవంబర్ 2న మళ్ళీ ఆట. వాబాష్ కాలేజీ మీద 67-7. వారం తిరక్కుండా, నవంబర్ 9న, గ్రేట్ లేక్స్ నేవీ స్థావరం టీమ్ వచ్చింది. నేవీలో చేరిన మేటి ఆటగాళ్ళంతా అందులోనే ఉన్నారు. ఆ తర్వాత చికాగో బేర్స్‌ని నడిపిన జార్జ్ హాలస్ వాళ్ళలో ఒకడు. అదే టీమ్ ఆ సీజన్ చివర రోజ్ బౌల్ గెలిచింది. అలాంటివాళ్ళతో రాక్నీ పిల్లలు 7-7 డ్రా చేశారు. ఆ మ్యాచ్‌లో ఫుల్‌బ్యాక్‌గా ఆడిన ఫస్టియర్ కుర్రాడు కర్లీ లాంబో. మరుసటి ఏడాదే ఇతను సొంతూరు వెళ్ళి గ్రీన్ బే ప్యాకర్స్ టీమ్ మొదలుపెట్టాడు.

రెండు రోజుల తర్వాత, నవంబర్ 11న, యుద్ధం ఆగిపోయింది. 16న మిషిగన్ అగ్రికల్చరల్ కాలేజీ చేతిలో 13-7తో ఓడిపోయారు. కోచ్‌గా రాక్నీకి అదే తొలి ఓటమి. 23న పర్డ్యూ మీద 26-6తో గెలుపు. 28న నెబ్రాస్కాతో 0-0. సీజన్ అయిపోయింది. ఆరు మ్యాచ్‌లు, మూడు గెలుపులు, ఒక ఓటమి, రెండు డ్రాలు.

ఈ లెక్క చూసి ఇతను గొప్ప కోచ్ అవుతాడని ఎవరూ అనుకోరు. మన ప్లేస్‌మెంట్ సెల్ వాళ్ళయితే ఫస్ట్ సెమ్ మార్కులు చూసి పక్కన పెట్టేసేవాళ్ళు. నాకు మాత్రం అతని సీజన్లన్నింట్లోనూ ఇదే ఎక్కువ నచ్చింది. ఎందుకంటే ఇందులో గొప్ప స్పీచ్ కథ ఒక్కటీ లేదు. ఎవరు మిగిలితే వాళ్ళతో, ఏ రోజు ఆట పెడితే ఆ రోజు ఆడించాడు. లాంబో, హంక్ ఆండర్సన్ లాంటి ఫస్టియర్ కుర్రాళ్ళ మీద నమ్మకం పెట్టాడు. తర్వాతి రెండేళ్ళు, 1919లో తొమ్మిదికి తొమ్మిది, 1920లో తొమ్మిదికి తొమ్మిది గెలిచారు. ఆ రెండు సీజన్లకి పునాది పడింది ఈ సగం సీజన్లోనే.

ఆ గెలుపుల్లో పెద్ద వాటా జార్జ్ గిప్‌ది. మిషిగన్‌లోని లోరియం అనే ఊరివాడు. బేస్‌బాల్ ఆడదామని నోటర్ డేమ్‌కి వస్తే రాక్నీ ఫుట్‌బాల్‌లోకి లాగాడు. పరిగెత్తడం, విసరడం, తన్నడం అన్నీ వచ్చు. క్లాసులకి రావడం తప్ప! పేకాట, బిలియర్డ్స్, పందాలు. 1920లో ఒకసారి కాలేజీ వాళ్ళు తీసేశారు కూడా, మళ్ళీ చేర్చుకున్నారు. ఆ సీజన్ చివర్లో గొంతుకి ఇన్ఫెక్షన్ వచ్చింది, న్యుమోనియాగా మారింది. పెన్సిలిన్ ఇంకా కనిపెట్టని రోజులు. డిసెంబర్ 14న చనిపోయాడు. వయసు 25.

రాక్నీ ఇంకా పైకి పోయాడు. 1924లో పదికి పది. ఆ టీమ్ వెనక వరసలో ఆడిన నలుగురు కుర్రాళ్ళకి ఒక పత్రికా రచయిత పెట్టిన గుర్రపు రౌతులు అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ నలుగురిలో 75 కిలోలు తూగేవాడు ఒక్కడూ లేడు. వాళ్ళ బలమంతా లయలో ఉంది. బంతి కదిలే ముందు నలుగురూ ఒకే తాళానికి పక్కకి జరిగి, ఎటు వెళ్తారో అవతలివాడికి తెలిసేలోపే దాటిపోవాలి. ఆ షిఫ్ట్‌ని రోజూ, అరసెకను తేడా లేకుండా వచ్చేదాకా చేయించేవాడు. ఇంకో ఎత్తు కూడా ఉంది. మ్యాచ్ మొదట్లో రెండో వరస ఆటగాళ్ళని దింపేవాడు. అవతలివాళ్ళు వాళ్ళతో పోరాడి అలిసిపోయాక అసలువాళ్ళు వచ్చేవాళ్ళు. 1925 జనవరి 1న రోజ్ బౌల్‌లో స్టాన్‌ఫర్డ్‌ని 27-10తో ఓడించారు.

ఇక నేను వెతుక్కుంటూ వచ్చిన విషయం. రాక్నీ అబద్ధాలు చెప్పేవాడు. 1922లో అట్లాంటాలో జార్జియా టెక్ మీద మ్యాచ్‌కి ముందు డ్రెస్సింగ్ రూమ్‌లో ఒక టెలిగ్రామ్ తీసి, తన చిన్న కొడుక్కి ఒంట్లో బాగాలేదని, ఆస్పత్రిలో ఉన్నాడని, నాన్న టీమ్ గెలవాలని కోరుకుంటున్నాడని అన్నాడట. పిల్లలు కళ్ళొత్తుకుని వెళ్ళి 13-3తో గెలిచారు. రైలు దిగేసరికి ఆ కొడుకు స్టేషన్లో గంతులేస్తూ ఎదురొచ్చాడు. ఆటగాళ్ళే తర్వాతి కాలంలో నవ్వుతూ చెప్పుకున్న కథ ఇది. చదివి నేనూ నవ్వా. తర్వాత మా జూనియర్ ముఖం గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

గెలుస్తూ ఉంటే మనిషికి కొంచెం పొగరు వస్తుందేమో. 1926 నవంబర్ 27న కార్నెగీ టెక్‌తో మ్యాచ్. అదొక ఇంజినీరింగ్ కాలేజీ, ఇప్పటి కార్నెగీ మెలన్. వీళ్ళతో నేను ఉండక్కర్లేదులే అనుకుని, టీమ్‌ని హంక్ ఆండర్సన్‌కి అప్పగించి, రాక్నీ చికాగోలో ఆర్మీ, నేవీల మ్యాచ్ చూసి పేపర్‌కి రాయడానికి వెళ్ళిపోయాడు. ఇంజినీరింగ్ పిల్లలు 19-0తో ఉతికేశారు. ఆ ఏడాది నోటర్ డేమ్‌కి అదొక్కటే ఓటమి. మన జాతి గెలుపు కాబట్టి కాస్త ఎక్కువగానే సంతోషించా.

1928. రాక్నీకి అన్నింటికన్నా కష్టమైన ఏడాది. మంచి ఆటగాళ్ళు పాసై వెళ్ళిపోయారు, ఉన్నవాళ్ళకి దెబ్బలు. నవంబర్ 10న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో ఆర్మీతో ఆట. అవతలివాళ్ళు అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఇక్కడే సినిమాలో చూపించిన ఆ ఘట్టం. ఎనిమిదేళ్ళ కింద చనిపోయిన గిప్ చివరి ఘడియల్లో తనని ఒక కోరిక కోరాడని, ఎప్పుడైనా టీమ్‌కి దారి తోచకపోతే తన కోసం ఒక్క మ్యాచ్ గెలవమని పిల్లలకి చెప్పమన్నాడని, ఆ రోజు ఇదేనని రాక్నీ అన్నాడు. నోటర్ డేమ్ 12-6తో గెలిచింది.

గిప్ నిజంగా అలా కోరాడా? రాక్నీ మాట తప్ప వేరే సాక్ష్యం లేదు. గిప్ స్వభావం తెలిసినవాళ్ళు చాలామంది నమ్మలేదు. చరిత్ర రాసినవాళ్ళూ అనుమానంగానే రాశారు.

సినిమా చూసినవాళ్ళకి తెలీనిది మరుసటి వారం సంగతి. నవంబర్ 17న మళ్ళీ అదే కార్నెగీ టెక్, ఈసారి నోటర్ డేమ్ సొంత మైదానంలో. 27-7తో ఓడిపోయారు. ఆ మైదానంలో 1905 తర్వాత వాళ్ళు ఓడిపోవడం అదే మొదలు. సీజన్ ఐదు గెలుపులు, నాలుగు ఓటములతో ముగిసింది. రాక్నీ 13 ఏళ్ళలో అంతకంటే తక్కువ సీజన్ లేదు. అంటే, దేశమంతా ఇప్పటికీ చెప్పుకునే ఆ స్పీచ్ బలం వారం రోజులు కూడా నిలవలేదు. ఇది చదివాక కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. మేం కూడా సెమీస్ గెలిచి ఫైనల్ ఓడిపోయాం. ఆ ఫైనల్ బ్రేక్‌లో నేను మాట్లాడుతుంటే ఒక్కడు కూడా నా వైపు చూడలేదు.

మరి రాక్నీ అక్కణ్ణించి ఎలా లేచాడు? కొత్త కథ చెప్పి కాదు. 1929లో కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే జబ్బు వచ్చింది. కదిలితే ప్రాణానికే ముప్పని డాక్టర్లు అన్నారు. చక్రాల కుర్చీలో కూర్చునే ప్రాక్టీసు చేయించాడు. కొన్ని మ్యాచ్‌లకి అసలు వెళ్ళలేకపోయాడు. కొత్త స్టేడియం కడుతున్నందున ఆ సీజన్‌లో సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. అన్నీ బయటే. అయినా తొమ్మిదికి తొమ్మిది గెలిచారు. మనిషి పక్కన లేకపోయినా టీమ్ గెలిచిందంటే వాళ్ళలోకి వెళ్ళింది స్పీచ్ కాదు, ఏళ్ళ తరబడి చేసిన ప్రాక్టీసు. 1930లో కొత్త స్టేడియం తెరిచారు. ఆ ఏడాది పదికి పది. మొత్తం 13 సీజన్లలో 105 గెలుపులు, 12 ఓటములు, 5 డ్రాలు.

1931 మార్చి 31. ఒక సినిమా పని మీద రాక్నీ లాస్ ఏంజెలస్ బయల్దేరాడు. ఇద్దరు కొడుకులు చదువుకుంటున్న కాన్సస్ సిటీలో ఆగి, అక్కడ విమానం ఎక్కాడు. ఫోకర్ ఎఫ్-10, మూడు ఇంజిన్లది. కాన్సస్ రాష్ట్రంలో బజార్ అనే చిన్న ఊరి దగ్గర, గాల్లో ఉండగానే రెక్క విరిగిపోయింది. లోపలున్న ఎనిమిదిమందీ చనిపోయారు. రాక్నీకి 43 ఏళ్ళు. శవాన్ని గుర్తుపట్టడానికి ఎవరో ఒకరు కావాలి. అక్కడికి దాదాపు వంద మైళ్ళ దూరంలో రాంచ్ నడుపుకుంటున్న పాత కోచ్ జెస్సీ హార్పర్‌ని పిలిచారు. తన కుర్చీలో కూర్చోబెట్టిన మనిషిని చివరికి ఆయనే గుర్తుపట్టాల్సి వచ్చింది. నార్వే రాజు అంత్యక్రియలకి ప్రతినిధిని పంపాడు.

ఇక్కణ్ణించి కథ మన సబ్జెక్టులోకి వస్తుంది. ఆ విమానం రెక్క లోపలి చట్రం చెక్కది. చెక్క పొరల్ని జిగురుతో అతికించి, పైన ప్లైవుడ్ కప్పినది. లోపలికి తేమ చేరితే జిగురు పట్టు వదిలేస్తుంది. పైకి రెక్క నున్నగా బాగానే కనిపిస్తుంది. లోపల ఏం జరిగిందో విప్పి చూస్తే తప్ప తెలీదు. అప్పటిదాకా అమెరికాలో విమాన ప్రమాదాల విచారణలు జనానికి చెప్పేవాళ్ళు కాదు. విమాన వ్యాపారం ఇంకా పసిగుడ్డు, జనం భయపడతారని. కానీ చనిపోయింది రాక్నీ. పేపర్లు ఊరుకోలేదు, దేశం ఊరుకోలేదు. ప్రొపెల్లర్ అన్నారు, మంచు అన్నారు, మాటలు మార్చారు. చివరికి రెక్క దాకా రాక తప్పలేదు. ఆ రకం విమానాల్ని నేల మీదే ఆపేసి, రెక్కలు తనిఖీ చేయమన్నారు. చెక్క రెక్కల విమానం అంటే జనం ఎక్కడం మానేశారు.

మరుసటి ఏడాది టీడబ్ల్యూఏ కంపెనీ పూర్తిగా లోహంతో చేసిన విమానం కావాలని తయారీదారుల్ని అడిగింది. దానికి ఈ ప్రమాదమొక్కటే కారణం కాదు గానీ ఇది పెద్ద కారణం. జవాబుగా డగ్లస్ కంపెనీ 1933లో డీసీ-1 ఎగరేసింది. దాన్నించి డీసీ-2, 1935 చివర్లో డీసీ-3 వచ్చాయి. డీసీ-3 అంటే మన పెద్దవాళ్ళకి డకోటా. నిజాం కాలపు డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపినవి ఈ డకోటాలే. 1947 అక్టోబర్‌లో శ్రీనగర్‌కి మన సైనికుల్ని దింపినవీ ఇవే.

నాకు మిగిలింది ఇది. రాక్నీ డ్రెస్సింగ్ రూమ్‌లో చెప్పిన కథ అబద్ధమే అయినా ఒక మ్యాచ్ గెలిపించింది. అతను చనిపోయాక బయటికి లాగిన నిజం ఎన్ని ప్రాణాలు కాపాడిందో లెక్కలేదు. జిగురు ఊడిన రెక్క ఏ స్పీచ్‌కీ ఎగరదు. టీమ్ కూడా అంతేనేమో. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల నమ్మకం అతుకు వదిలేస్తే ఫైనల్ రోజే బయటపడుతుంది. రాక్నీకి నా మనసులో గౌరవం తగ్గలేదు. 22 ఏళ్ళకి ఫస్టియర్‌లో చేరినవాడు, ఇసకలో వేసవంతా బంతి పట్టినవాడు, జ్వరాల మధ్య సగం సీజన్ నెట్టుకొచ్చినవాడు, ఆ రాక్నీ నాకు కావాలి. టెలిగ్రామ్ రాక్నీ వద్దు.

మొన్న ఆ జూనియర్ రూమ్‌కి వెళ్ళా. ఆ రోజు చెప్పింది అబద్ధమేనని, తప్పు నాదేనని, ఇకమీద నమ్మాలో వద్దో నువ్వే చూసి తేల్చుకో అని చెప్పా. వాడు ఏమీ అనలేదు. కాసేపటికి, అన్నా, నా సర్వీస్ ఇంకా నెట్‌కే తగులుతోంది, రేపు పొద్దున్న ఆరింటికి వస్తావా అని అడిగాడు. అలారం పెట్టుకున్నా.